బోరునీళ్లలో ఏముందో పేరు పెట్టి చెప్పండి

తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శి గారికి,

అయ్యా, పటాన్‌చెరు, నక్కవాగు పక్క ఊళ్ల బోరునీళ్ల గురించి ఈ మనవి. ఆమ్లతను చూపే పీహెచ్, కరిగిన లవణాలను చూపే టీడీఎస్, మొత్తం సేంద్రియ మలినాన్ని చూపే సీఓడీ అంకెలు అవసరమే. కానీ సీఓడీ ఎంత పెరిగినా, అది టోలుయిన్ లాంటి ద్రావకం వల్లనో మామూలు మురుగు వల్లనో చెప్పదు. గ్యాస్ క్రొమటోగ్రఫీ–మాస్ స్పెక్ట్రోమెట్రీ చెబుతుంది. ఆవిరయ్యే రసాయనాలను సన్నటి పొడవాటి గొట్టంలో విడదీసి, అణువులను ముక్కలు చేసి, ఆ ముక్కల బరువులను బట్టి వేలిముద్ర పోల్చినట్టు గుర్తుపడుతుంది. తాగునీటిలో పురుగుమందు లిండేన్‌కు భారత ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దు లీటరుకు 2 మైక్రోగ్రాములు. అంత సూక్ష్మం సీఓడీకి అందదు.

అలాగని ఈ ఒక్క యంత్రంతో సరిపెట్టకండి. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఆవిరి కాని అలాంటి మందులు ఈ యంత్రానికి చిక్కవు. వాటికి లిక్విడ్ క్రొమటోగ్రఫీ కావాలి.

ఇక శాంపిల్. సగం నింపిన ప్లాస్టిక్ సీసాను ఎండలో జీపులో తెస్తే, వెతికేది దారిలోనే ఎగిరిపోతుంది. కోట్ల యంత్రం ఏం చేస్తుంది పాపం! గాజు సీసాలో బుడగ లేకుండా నింపి, ఐసులో పెట్టి తెప్పించండి.

వానలకు ముందొకసారి, తర్వాతొకసారి పరీక్షించి, దొరికిన రసాయనాల పేర్లతో నివేదికను తెలుగులో పంచాయతీ గోడకు అంటించండి.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ అధ్యాపకుడు