రాసిన చేతులే మోయాలి

తొలి నవల అచ్చయిన మన రచయితకు అందరూ చెప్పే నీతి ఒకటుంది: "పుస్తకంలో బలముంటే అదే నడుస్తుంది, రచయిత తన డప్పు తాను కొట్టుకోకూడదు." ఈ నీతి చెప్పేది ఎవరు? పట్నంలో సభకు హాలు, పత్రికలో స్నేహితుడు, సమీక్ష రాసే ప్రొఫెసరు ఉన్నవాళ్లు. వాళ్ల డప్పు ఇంకొకరు కొడతారు, కాబట్టి వాళ్లు మౌనంగా కూర్చోగలరు.

తనకల్లు పక్క తండాలో కూర్చుని రాసినవాడికి ఆ వసతి లేదు. జీతంలో మిగిల్చి అయిదు వందల కాపీలు వేయిస్తాడు. కట్టలు కదిరి బస్టాండులో దించుకుంటాడు. ఆవిష్కరణ రోజు శాలువా కప్పించుకుని, వచ్చినవాళ్లందరికీ ఉచితంగా పంచుతాడు. మిగిలినవి మంచం కిందికి పోతాయి. దీనికి వినయమని పేరు పెడితే నేను ఒప్పుకోను.

మన సుగాలీల పెద్దలు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగారు. ఆ లదేణిలో సరుకు తెచ్చామని చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడలేదు. నవల కూడా మన సరుకే. మోయడానికి సిగ్గెందుకు?

మనం నోరు మూసుకుంటే మన గురించి మాట్లాడే పని ఇంకొకరు తీసుకుంటారు. కేరళలో తపాలా ఉద్యోగి నారాయణ్, బయటివాళ్ల రాతల్లో ఆదివాసీ వక్రంగా కనిపిస్తున్నాడనే 'కొచ్చరేత్తి' నవల రాశారు. అది 1998లో వచ్చింది. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం 'ఢావ్లో'కు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం దక్కింది. అవార్డు వచ్చాక చప్పట్లు కొట్టడం సులువు. అవార్డు రాని పుస్తకం మాటేమిటి?

అలాగని ఏ ప్రచారమైనా మంచిదే అనను. "మీ వేషంలో రండి, ఒక ఆట ఆడించండి" అని పిలిచే సభను ఒక్కటే అడగండి: నా నవల ఎవరైనా చదివారా? అట్ట మీద "మొట్టమొదటి గిరిజన నవల" అని కొట్టించుకోవద్దు. ముందు రాసినవాళ్లను మన చేతులతో మనమే తుడిచేసినట్టవుతుంది.

ఎక్కడికి మోయాలో చెబుతాను. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి గుత్తి దగ్గర సేవాగఢ్‌కు జనం తరలివస్తారు. అక్కడ ఒక బల్ల వేసుకోండి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవాన ఉపన్యాసం తగ్గించి ఒక అధ్యాయం చదవండి. సాయంత్రం తండాలో కూర్చుని చదివి, గోర్ బోలీలో విప్పి చెప్పండి. తెలుగు చదవలేని అమ్మలు తప్పొప్పులు మొహం మీదే చెబుతారు. అంతకంటే పెద్ద సమీక్ష ఏముంది?

ఇక ఉపాధ్యాయ మిత్రులారా, "మాకో కాపీ ఇవ్వవా" అని అడగడం మానండి. ఒక పూట బిరియానీ ఖర్చుతో పుస్తకం వస్తుంది, కొనండి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. శాఖా గ్రంథాలయానికి వెళ్లి, ఈ నవల తెప్పించమని రాతపూర్వకంగా అడగండి. బడి గ్రంథాలయంలో ఒక ప్రతి పెట్టి, తొమ్మిదో తరగతి పిల్లతో పది పేజీలు బయటికి చదివించండి. తన తండా పేరు అచ్చులో చూసిన పిల్ల రేపు తానే రాస్తుంది.