చిట్టి ఐరిస్: ఏటా కొనాలా, నిలుపుకోవాలా?

"గడ్డ అన్నాక ఒకసారి పెడితే ఉండాలి కదే, ఏటా కొనడమేంటి?" అంది పిన్ని ఫోన్లో. విజయవాడలో ఆమె ఇంటి మెట్ల పక్కన, మే నెల రాగానే ఎర్రటి బంతిలా విచ్చుకునే లిల్లీ కుండీ ఉంది. ఒక్క గడ్డతో మొదలుపెట్టి, వీధిలో సగం ఇళ్లకు పిల్లగడ్డలు పంచింది. నేను వీడియోలో చూపిస్తున్నది న్యూజెర్సీలో మా వాకిలి పక్కన, కరుగుతున్న మంచు అంచున పూసిన నీలం ఐరిస్‌లు. జానెడు ఎత్తు కూడా లేవు. ఫిబ్రవరి చివరివారం, చెట్లన్నీ ఇంకా ఎండుపుల్లలే. ఆ సమయానికి అంత రంగు నేల మీద ఇంకెక్కడా ఉండదు.

పిన్ని అడిగింది ఇక్కడి తోటల వాళ్లలోనూ తెగని తగువే. అక్టోబరులో కొత్త గడ్డలు కొని నాటి, పూలు చూసి వదిలేయడం ఒక దారి. ఉన్న గడ్డలనే ఏటేటా పూయించుకోవడం రెండో దారి.

ముందు ఈ మొక్క సంగతి చెప్పాలి. తోటల్లో ఎక్కువగా కనిపించే పొడుగు ఐరిస్‌లకు నేలలో పసుపుకొమ్ము లాంటి దుంప ఉంటుంది. ఈ పొట్టి రకాలకు ఉండేది చిన్న ఉల్లి లాంటి గడ్డ. పైపొర బీరకాయ పీచులా వల అల్లినట్టు ఉంటుంది, అందుకే ఈ గుంపుకు రెటిక్యులాటా అని పేరు. పుట్టిల్లు తుర్కియే, కాకసస్, ఇరాక్, ఇరాన్ కొండలు. చలికాలం మంచు కింద ఉండి, వసంతంలో కరిగిన నీళ్లు తాగి, వేసవంతా ఎండిన నేలలో నిద్రపోవడం వీటి అలవాటు. మంచుకు భయపడవు, వేసవి వానకే భయపడతాయి. న్యూజెర్సీలో జులై, ఆగస్టు నెలల్లో వానలు బాగానే కురుస్తాయి. చిక్కంతా అక్కడే.

ఏటా కొనమనే వాళ్ల మాటలో బలముంది. అంగళ్లకు వచ్చే గడ్డల్లో అధికభాగం నెదర్లాండ్స్‌లో పెంచినవి. మొగ్గ లోపలే సిద్ధమై వస్తుంది కాబట్టి మొదటి ఏడు పూత దాదాపు ఖాయం. పది గడ్డల సంచి ధర కూడా పెద్ద బరువు కాదు. నిలుపుకోవాలంటే మాత్రం పని మొదలయ్యేది పూలు వాడాకే. అప్పటిదాకా పొట్టిగా ఉన్న ఆకులు అడుగు పైకి సాగుతాయి. అవి పసుపురంగుకు తిరిగేదాకా కోయకూడదు, వచ్చే ఏటి గడ్డకు తిండి పెట్టేది అవే. నీళ్లు నిలిస్తే గడ్డ కుళ్లుతుంది. సిరా ఒలికినట్టు నల్లమచ్చలు వేసే బూజుతెగులు ఒకటుంది, అది ఒక గడ్డ నుంచి పక్క గడ్డలకు పాకుతుంది. రెండు వారాల పూల కోసం ఇంత కాపలా అవసరమా అని వాళ్లడుగుతారు.

నిలుపుకోమనే వాళ్లదీ ఒట్టి పట్టుదల కాదు. నీరు చప్పున ఇంకే మట్టిలో, మధ్యాహ్నపు ఎండ తగిలే చోట, గడ్డకు పైన మూడు నాలుగు అంగుళాల మట్టి ఉండేలా నాటితే కొన్ని రకాలు ఏళ్ల తరబడి గుబురు కడతాయి. వేసవి వానలుండే చోట ఆకులు ఎండాక తవ్వి, గాలి ఆడే నీడలో ఆరబెట్టి, మళ్లీ అక్టోబరులో నాటుకోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి దాచుకోవడం తెలిసిన వాళ్లకు ఇదేం కొత్త విద్య కాదు. పైగా రెండో ఏడు పూసిన పువ్వును చూసినప్పుడు కలిగే తృప్తి వేరు. మొదటి ఏటి పువ్వు సగం డచ్చి రైతుది, రెండో ఏటిదే పూర్తిగా మనది.

నాకు ఈ తగువు ఎక్కడ తెగుతుందో తెలిసింది ఒక జూన్ నెలలో, చేసిన తప్పు వల్ల. పసుపుపచ్చ పూల డాన్‌ఫోర్డియే అనే రకం నాటిన చోట తవ్వి చూస్తే, నాటినంత గడ్డ ఒక్కటీ లేదు. అరచేతిలోకి వచ్చినవి బియ్యపు గింజలంత పిల్లలు, ముప్పై పైచిలుకు. అవి పూతకు రావాలంటే ఏళ్లు పడుతుంది. నిలిచి పూయడం ఈ గుంపు గుణమే కాదని నిర్ణయించేసుకుని, పక్క మడిలోని నీలం హార్మొనీ గడ్డల జోలికే పోలేదు. మరుసటి ఫిబ్రవరిలో, నేను మరిచిపోయిన ఆ మడిలో నాటినదానికి రెట్టింపు పూలు. ఒకదాని నేరానికి ఇంకొకదానికి శిక్ష వేశాను.

కాబట్టి కొనాలా, నిలుపుకోవాలా అన్న ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది: ఇది ఏ రకం? సంచి మీది చీటీ అన్నిసార్లూ నిజం చెప్పదు. మొక్కనే అడగాలి.

ఆకును వేళ్ల మధ్య తిప్పండి. ఈ గుంపులో చాలావాటికి నల్లేరు కాడలా నాలుగు పలకలు తగులుతాయి. ఎనిమిది గీతలతో గుండ్రంగా ఉంటే బేకరియానా. మొక్కజొన్న ఆకులా దోనెగా ఉండి, గడ్డ కింద లావు వేళ్లు వేలాడుతుంటే అది జూనో అనే వేరే గుంపు, దాని పెంపకమే వేరు. పువ్వు పసుపైతే నిటారుగా నిలిచే మూడు రేకులు చూడండి. అవి రేకులుగా కాక ముల్లంత మొనలుగా మిగిలితే డాన్‌ఫోర్డియే. శ్రీమతి డాన్‌ఫోర్డ్ 1876లో తుర్కియే తారస్ పర్వతాల్లో సేకరించిన మొక్క ఇది. లేత పసుపుతో రేకులు నిండుగా ఉంటే వినోగ్రాడోవీ, జార్జియా కొండల్లో కొద్ది చోట్లే బతికున్న అరుదైనది. నీలమైతే పూసిన రోజు ఆకు ఎత్తు చూడండి. ఆకులు అప్పుడే మొలకెత్తుతూ పువ్వు ముందే వచ్చేస్తే హిస్ట్రియోయిడీస్ వైపు మొగ్గు, ఆకులు పువ్వుతో పోటీపడితే రెటిక్యులాటా.

అయితే ఈ గుర్తింపుకూ హద్దుంది. హార్మొనీని, జాయిస్‌ను పక్కపక్కన పెడితే చేయి తిరిగిన వాళ్లే తడబడతారు. ఇంగ్లండ్‌లో ఇ.బి. యాండర్సన్ పెంచిన కేథరిన్ హాడ్జ్‌కిన్ హిస్ట్రియోయిడీస్‌కు, వినోగ్రాడోవీకి పుట్టిన సంకరమని చెబుతారు. లేత నీలం మీద పసుపు, నీలి గీతలు, చూడగానే పోల్చుకోవచ్చు. అన్నీ అంత సులువు కాదు. టొరంటోలో అలన్ మెక్‌మర్ట్రీ దశాబ్దాలుగా చేసిన సంకరాల తర్వాత తెలుపు, నీలం, పసుపు కలగలిసిన రకాలు అంగళ్లకొచ్చాయి, వాటిలో జాతి గీతలు చెరిగిపోయాయి. పేరు తెలియకపోతే పువ్వు అందం తగ్గుతుందా అనే వాళ్లతో నాకు పేచీ లేదు. పూర్తి పేరు పండితులకు వదిలేద్దాం. దీన్ని తవ్వి దాచాలా, వదిలేయాలా అని తేలేంత గుర్తింపు మాత్రం మనకు కావాలి.

అలా చూస్తే తీర్పు కష్టం కాదు. డాన్‌ఫోర్డియేను ఏడాది పూవుగానే కొనుక్కోండి. లోతుగా నాటితే గడ్డ పిల్లలుగా చీలడం తగ్గుతుందని చాలామంది అంటారు, ఓపికుంటే ప్రయత్నించవచ్చు. హార్మొనీ, కేథరిన్ హాడ్జ్‌కిన్, హిస్ట్రియోయిడీస్ రకాలకు మూడేళ్లు గడువివ్వండి. అంతలోపు పారేయడం తొందరపాటు. కుండీల్లో కిక్కిరిసి నాటినవాటిని మాత్రం మొహమాటం లేకుండా ఏటా మార్చుకోవచ్చు.

"అయితే నాకూ రెండు గడ్డలు పట్టుకురా" అంది పిన్ని చివరికి. కుదరదన్నాను. వీటికి రెండు మూడు నెలల గట్టి చలి కావాలి, విజయవాడ జనవరి వీటికి వసంతం కిందే లెక్క. ఫ్రిజ్‌లో పెట్టి ఒకసారి పూయించినా రెండో ఏడు ఉండవు. పైగా అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా గడ్డలు దేశంలోకి తేకూడదు. ఆమెకు ఆమె ఎర్రబంతి లిల్లీయే సరైన గడ్డ.

చలిదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక్క మాట. ఈ అక్టోబరులో నాటేటప్పుడు రకం పేరు, తేదీ రాసిన పుల్ల ఒకటి మట్టిలో గుచ్చండి. పూలొచ్చాక ఆ పేరు నిజమో కాదో ఆకు పట్టుకుని చూడండి. పుల్ల మీది పేరు తప్పైతే కొట్టేసి రాయండి. జూన్‌లో పార పట్టుకున్నప్పుడు ఆ పుల్లే మీకు జవాబు చెబుతుంది.