అమ్వాజ్ బాల్కనీలో స్పాటింగ్ స్కోపు: చవగ్గా కొనేముందు చూసుకోవలసినవి

పోయిన ఏడాది సెలవులకి హైదరాబాదు వెళ్ళినప్పుడు మా మేనకోడలు నన్నొక వస్తువు అడిగింది. బంగారం కాదు, ఐఫోనూ కాదు. "మావయ్యా, ఈసారి వచ్చేటప్పుడు ఒక స్పాటింగ్ స్కోపు తెచ్చిపెట్టవూ?" అంది. గల్ఫులో ఇన్నేళ్ళుగా ఉంటూ సెంటు సీసాల దగ్గర్నుంచి కుంకుమపువ్వు దాకా మోశాను గానీ, ఈ పేరు వినడం అదే మొదటిసారి.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చటే అయితే ఇక్కడ రాయనక్కర్లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చినప్పుడు మనవాళ్ళలో చాలామంది ఈ ఆటని తొలిసారి పట్టించుకున్నారు. ఆ తర్వాత ఈషా సింగ్ వచ్చింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. 2025 సెప్టెంబరులో నింగ్బో ప్రపంచ కప్‌లో 10 మీటర్ల పిస్టల్ స్వర్ణం కూడా ఆమెదే. అదే ఏడాది నవంబరులో టోక్యో డెఫ్లింపిక్స్‌లో ధనుష్ శ్రీకాంత్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. ముగ్గురూ హైదరాబాదు వాళ్ళే. ఇవన్నీ టీవీలో చూసిన పిల్లలు రేంజి వైపు నడుస్తున్నారు. ఖర్చు మాత్రం తల్లిదండ్రుల మీదా, మాలాంటి గల్ఫు మావయ్యల మీదా పడుతోంది. అందుకని నేను చేసిన తప్పులు మీరు చెయ్యకుండా ఉంటారని ఈ నాలుగు మాటలు.

అసలు ఇది ఎందుకు?

పెద్ద పోటీల్లో ఎలక్ట్రానిక్ టార్గెట్లు ఉంటాయి. గుండు ఎక్కడ తగిలిందో పక్కనున్న తెర మీదే కనిపిస్తుంది. చిన్న రేంజిల్లో ఇంకా కాగితమే. మా మేనకోడలు 50 మీటర్ల రైఫిల్ సాధన చేస్తుంది. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, .22 తూటా చేసే చిల్లు సుమారు 5.6 మిల్లీమీటర్లు. 50 మీటర్ల దూరాన మామూలు కంటికి 15 మిల్లీమీటర్ల కంటే చిన్న వివరం తెలియడం కష్టం. అంటే పిల్ల తను కాల్చింది తనే చూసుకోలేదు. పది గుళ్ళు కాల్చి, అందరూ తుపాకులు దించేదాకా ఆగి, నడిచి వెళ్ళి చూసుకోవాలి. అప్పటికి ఏ గుండు ఎందుకు పక్కకి పోయిందో గుర్తుండదు.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. స్పాటింగ్ స్కోపు వేరు, తుపాకీ మీద బిగించే రైఫిల్ స్కోపు వేరు. మొదటిది స్టాండు మీద పెట్టుకుని చూడ్డానికే. చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం కాదు! కానీ ఈ తేడా కస్టమ్స్ వాళ్ళకి పెట్టె మీద పేరు చూసి తెలియకపోవచ్చు. బిల్లు, కంపెనీ కరపత్రం చేతి సంచిలో పెట్టుకోండి. రైఫిల్ స్కోపు, రాత్రిపూట చూసే పరికరాలు, లేజర్ ఉన్నవి ముందుగా అడగకుండా ఏ దేశానికీ తీసుకెళ్ళకండి.

నేను పప్పులో కాలేసిన విధం

బహ్రెయిన్ తిరిగి రాగానే ఆన్‌లైన్‌లో వెతికాను. "100 రెట్లు పెద్దగా చూపిస్తుంది" అని రాసున్నది పాతిక దినార్లకే వచ్చింది. ఎక్కువ రెట్లుంటే మంచిదే కదా అనుకున్నాను. ఇంజనీరునై ఉండీ చిన్న లెక్క చెయ్యలేదు.

ఆ లెక్క ఇది. ముందు అద్దం వెడల్పుని రెట్లతో భాగిస్తే, కంటిలోకి వచ్చే వెలుగు కిరణం మందం వస్తుంది. పగటి వెలుగులో మన కనుపాప రెండు మూడు మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. నేను కొన్నదాని అద్దం 50 మిల్లీమీటర్లు. 100 రెట్ల దగ్గర మిగిలేది అర మిల్లీమీటరు. చీకటి గుయ్యారంలా ఉంది, పైగా చెయ్యి తగిలితే చాలు బొమ్మ ఊగిపోతోంది. అదే 80 మిల్లీమీటర్ల అద్దమైతే 20 రెట్ల దగ్గర 4 మిల్లీమీటర్లు వస్తుంది. ఎంత చెట్టుకు అంత గాలి.

నిజానికి మనకి కావలసినన్ని రెట్లు ఎన్ని? 20 రెట్లంటే 50 మీటర్ల దూరంలో ఉన్న కాగితం రెండున్నర మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. అది చాలు. 100 మీటర్లకి పాతిక, ముప్పై. 300 మీటర్లకి 50 పైన కావాలి, అదీ గాలి నిలకడగా ఉంటేనే. మన ఎండల్లో నేల వేడికి గాలి ఎండమావిలా అల్లాడుతుంది. రెట్లు పెంచితే ఆ అల్లాట కూడా పెరుగుతుంది. ఎంత ఖరీదైన స్వరోవ్‌స్కీ అయినా దాని ముందు ఓడిపోవలసిందే.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

నా అనుభవంలో 40 దినార్ల లోపు దొరికేవి 50 మీటర్ల వరకు పనిచేస్తాయి, మంచిది ఏరుకోగలిగితే. 60 నుంచి 90 దినార్ల మధ్య 65, 80 మిల్లీమీటర్ల అద్దాలున్నవి వస్తాయి. కాగితం టార్గెట్లకి ఇదే సరైన మెట్టు. వోర్టెక్స్ లాంటి కంపెనీల మేలురకం గాజుకి అంతకు రెట్టింపు పైన పెట్టాలి. 300 మీటర్లకో, వేటకో అయితే ఆలోచించండి. బయట నుంచి తెప్పిస్తే 10 శాతం వ్యాట్, కొరియరు ఖర్చు కలుపుకుని లెక్క వేసుకోవాలి.

కొనేముందు ఇంకో నాలుగు చూసుకోండి. పడుకుని కాల్చేవాళ్ళకి కంటి గొట్టం 45 డిగ్రీలు వంగి ఉన్నది సుఖం, మెడ తిప్పక్కర్లేదు. కళ్ళజోడున్నవాళ్ళు గొట్టం నుంచి కంటికి కనీసం 15 మిల్లీమీటర్ల దూరం ఇచ్చేది తీసుకోవాలి. లోపల నైట్రోజన్ నింపి మూసినదే కొనండి. ఏసీ గదిలోంచి ఆగస్టు ఉక్కలోకి తెస్తే అద్దం మీద పొగమంచు కడుతుంది. మూత సరిగా లేకపోతే తేమ లోపలికి చేరి బూజు పడుతుంది. చివరగా స్టాండు. స్కోపు మీద డెబ్భై పెట్టి స్టాండు మీద అయిదు పెట్టకండి.

పరీక్షకి రేంజి అక్కర్లేదు. ఆఫీసులో కాగితాలకి చిల్లులు పొడిచే పంచింగ్ మెషీను చిల్లు ఇంచుమించు .22 చిల్లంత ఉంటుంది. నల్ల చార్టు మీద అయిదు పొడిచి, మిత్రుడి గోదాములో 50 మీటర్లు కొలిచి అంటించాను. అయిదూ లెక్కపెట్టగలిగిన స్కోపునే కొన్నాను.

వేట సంగతి

అమెరికాలో రాష్ట్ర లైసెన్సు తీసుకుని జింకల వేటకి వెళ్ళే మనవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి తేలికైనది, వంపు లేని గొట్టం ఉన్నది నప్పుతుంది. మన దేశంలో మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా వేట నేరమే. బహ్రెయిన్‌లో ఈ గాజుకి అంతకన్నా మంచి పని ఉంది. హవార్ దీవులు, తుబ్లీ అఖాతం రెండూ 1997 నుంచి రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో ఉన్నాయి. చలికాలంలో రాజహంసలు వస్తాయి. పిల్లలకి చూపించండి.

బాల్కనీ సంగతి

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి దాచాను. కొత్త స్కోపు వచ్చిన సాయంత్రం ఉత్సాహం ఆగక అమ్వాజ్‌లోని మా బాల్కనీలో బిగించాను. పావుగంటలో వాచ్‌మన్ వచ్చాడు. "సార్, ఎదురు టవరు వాళ్ళు కంప్లైంటు చేశారు" అన్నాడు. నేను చూసింది సముద్రాన్నే. కానీ నీళ్ళకి అవతల ఉన్నవి కుటుంబాలుండే ఫ్లాట్లు. వాళ్ళకి కనిపించేది తమ కిటికీ వైపు తిరిగిన గొట్టం. సిగ్గుతో చచ్చినంత పనైంది.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే మరో భయం పట్టుకుంది. ఎయిర్‌పోర్టు మా పక్కనే ముహర్రక్‌లో ఉంది. 2015 ఫిబ్రవరిలో ఫుజైరా విమానాశ్రయం దగ్గర విమానాలు చూసే సరదా ఉన్న ముగ్గురు బ్రిటిషు వాళ్ళని పట్టుకుంటే, బయటపడడానికి సుమారు రెండు నెలలు పట్టింది. 2001లో గ్రీసులో అదే సరదాకి పద్నాలుగు మంది మీద గూఢచర్యం కేసు పడింది. మరుసటి ఏడాది అప్పీలులో గాని విముక్తి రాలేదు. 2025 జూన్ 23న ఖతార్‌లోని అల్ ఉదైద్ మీద క్షిపణులు పడిన రాత్రి బహ్రెయిన్ కూడా కాసేపు గగనతలం మూసింది. అలాంటి రోజుల్లో బాల్కనీలో స్టాండు మీద దుర్భిణి పెట్టుకున్న విదేశీయుడు "మా మేనకోడలి కోసమండీ" అంటే ఎవరు వింటారు? మన వీసా, ఉద్యోగం, పిల్లల చదువు అన్నీ ఒక్క ఇకామా మీద వేలాడుతున్నాయి. అపార్థం తొలగేలోపు ఉద్యోగం పోవచ్చు. అందుకే పెట్టెలో తెచ్చుకున్నది పెట్టెలోనే ఉంచి ఊరికి పట్టుకెళ్ళండి. ఇక్కడ వాడాలంటే రేంజి వాళ్ళనో, పక్షులు చూసే బృందాన్నో అడిగి వాళ్ళతో వెళ్ళండి.

మొన్న మేనకోడలు ఫోను చేసింది. "మావయ్యా, నా గుళ్ళు వరసగా ఎడమ పక్కకే పోతున్నాయని ఇప్పుడు తెలిసింది. తప్పు తుపాకీది కాదు, నా భుజానిది" అంది. డెబ్భై దినార్లకి నాకు గిట్టుబాటైంది. మొదటి పాతిక దినార్ల స్కోపు మా అలమరలో అలాగే ఉంది. దాన్ని ఎవరికైనా ఇవ్వడానికి కూడా మనసొప్పడం లేదు.