తూలినవాడల్లా తాగినవాడు కాడు



ఛందస్సు మీద మొదలుపెట్టిన వరుస సగంలో ఆగిపోయిందని కొందరు గుర్తుచేస్తున్నారు. మన్నించాలి, ఇవాళ కూడా దాని జోలికి పోవడం లేదు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు పర్యాయపదాలు బోధించినవాణ్ణి. పర్యాయపదాలు కాని రెండు మాటలను ఒకటిగా భావించినందువల్ల మా ఇంట జరిగిన అనర్థం చెప్పడానికే ఈ టపా. ఆ మాటలు రెండూ చిన్నవే: తూలడం, తాగడం.

మా బావగారు జన్మలో చుక్క ముట్టని మనిషి. మూడేళ్ల కిందట ఒక సాయంత్రం స్కూటరు మీద వస్తూ స్పీడు బ్రేకరు దగ్గర పడిపోయారు. హెల్మెట్ లేదు, అది ఆయన తప్పే, దాచను. లేచి, బట్టలు దులుపుకొని, పక్క కొట్లో టీ తాగి, కొట్టువాడితో చక్కగానే మాట్లాడారట. గంట గడిచేసరికి మాట తడబడింది, అడుగు తడబడింది, వాంతి అయింది. ఎవరో పోలీసులకు కబురు చేశారు. వచ్చిన కాన్‌స్టేబులు చేయి పట్టుకోబోతే బావగారు విదిలించి కొట్టారు. అంతటితో తీర్పు వెలువడింది. తాగి గొడవ చేస్తున్నాడన్నారు. దిగేదాకా ఉండనిమ్మని ఠాణాలో బల్ల మీద పడుకోబెట్టారు. గురక వినబడితే హాయిగా నిద్రపోతున్నాడనుకున్నారు. తెల్లవారుజామున వెతుక్కుంటూ వెళ్లిన మా మేనల్లుడు ఆసుపత్రికి చేర్చాడు. తలలో రక్తం గడ్డకట్టిందన్నారు, శస్త్రచికిత్స చేశారు.

ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. ఇప్పుడు చెంబు చూపి "చెప్పు" అంటారు. మనుమడి పేరు పెదవి దాకా వచ్చి ఆగిపోతుంది, కళ్లు చెమరుస్తాయి.

కపాలం గట్టి పెట్టె. లోపల రక్తం కారితే బయటికి పోయే దారి లేదు. చేరినకొద్దీ మెదడును నొక్కుతుంది. కొందరిలో దెబ్బ తగిలిన వెంటనే ఏమీ కనిపించదు. మనిషి నవ్వుతాడు, నడుస్తాడు. వైద్యులు దీనిని లూసిడ్ ఇంటర్వల్ అంటారు. 2009లో నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలోని క్యూబెక్‌లో మంచు మీద జారిపడి, బాగానే ఉన్నానంటూ మొదట వైద్యసాయం వద్దన్నారు. రెండు రోజులకే మరణించారు. ఆ విరామం ముగిశాక కనిపించే తడబాటు, తిక్క, వాంతి, మగత అన్నీ తాగుబోతు లక్షణాలనే పోలి ఉంటాయి. చిక్కంతా అక్కడే ఉంది.

పోలీసులు వైద్యులా అని అడుగుతారు. కారు, రోగనిర్ణయం చేయమని ఎవరూ అడగడం లేదు. అనుమానించమంటున్నాం, అంతే. 1974లో టీస్‌డేల్, జెన్నెట్ అనే వైద్యులు గ్లాస్గో కోమా స్కేలును రూపొందించారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6. మొత్తం 15, కనిష్ఠం 3. యంత్రం అక్కరలేదు. పలకరించి, చూసి, లెక్కవేయడమే. పదో తరగతి తప్పినవాడికైనా నేర్పవచ్చు.

మరి వాసన వస్తే? తాగినవాడి తల ఇనుముతో చేసింది కాదు. తాగినవాడే ఎక్కువగా పడతాడు; కనుక వాసన అనుమానాన్ని పెంచాలి గాని తుంచకూడదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే నేరమంటుంది. అది కొలవడానికి ఊదించే పరికరం ఇచ్చాం. ఆ పరికరం సున్నా చూపిస్తుండగా మనిషి తూలుతుంటే ఏమి చేయాలో మాత్రం నేర్పలేదు. మా బావగారిచేత ఆ రాత్రి ఊదించి ఉంటే సున్నాయే వచ్చేది. ఊదించడం కూడా అనవసరమనుకున్నారు.

2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించారు. 2019 సవరణ "గోల్డెన్ అవర్"ను నిర్వచించింది, సాయపడినవారికి రక్షణ ఇచ్చింది. 2025లో లక్షన్నర రూపాయల వరకు, ఏడు రోజులు నగదు లేని చికిత్స పథకం వచ్చింది. మంచిదే. కాని ఇవన్నీ క్షతగాత్రుణ్ణి క్షతగాత్రుడిగా గుర్తించిన తరువాతి సంగతులు. ఠాణా బల్ల మీద గురక పెట్టేవాడికి ఏ పథకం వర్తిస్తుంది?

నేర్పవలసింది కొండంత లేదు. పడ్డాడా అని చుట్టుపక్కల విచారించడం. కనుపాపలు రెండూ సమానంగా ఉన్నాయా, చెవి నుంచి, ముక్కు నుంచి రక్తమో నీరో కారుతోందా అని చూడడం. మెడ కదలకుండా కాపాడడం. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకపోవడం, ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకపోవడం. లేపితే లేవని గురకను నిద్ర అనుకోకపోవడం. అనుమానం వస్తే తెల్లవారేదాకా ఆగక 108కి ఫోను చేయడం. ఇందుకు ఒక పూట శిక్షణ చాలు. కాన్‌స్టేబులు శిక్షణలో ఒక పాఠంగా, ఆపైన ఏడాదికొకసారి పునశ్చరణగా పెట్టడానికి అడ్డమేమిటో పాలకులు చెప్పాలి.

ఆ కాన్‌స్టేబులు మీద నాకు కోపం లేదు. దుర్మార్గుడు కాడు, చలిగా ఉందని తన దుప్పటే కప్పాడట. పాఠం చెప్పకుండా పరీక్ష పెడితే తప్పేది పిల్లవాడే గాని, తప్పు పిల్లవాడిది కాదు. ఉపాధ్యాయుడిగా నాకా సంగతి బాగా తెలుసు. పాఠ్యప్రణాళిక కూర్చినవారినే నేను నిలదీస్తున్నాను.

ఈలోగా మనమైనా నేర్చుకుందాం. దారిలో తూలుతున్నవాడు కనబడితే, ముక్కు మూసుకుని తప్పుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఎక్కడైనా పడ్డావా, నాయనా?"