ఈత బుట్ట కూడా పాలిమరే

మేము ఎరుకలవాళ్లం. మా అమ్మలు, అమ్మమ్మలు ఈత పుల్లలు చీరి, బుట్టలు, గంపలు అల్లి పిడుగురాళ్ల చుట్టుపక్కల ఊళ్లలో అమ్మారు. పత్తి తీతకైనా, మిరపకోతకైనా రైతు మా గుడిసె ముందుకొచ్చి బుట్ట అడిగేవాడు. ఇప్పుడు అంగట్లో ప్లాస్టిక్ గంప కొంటున్నాడు. అది పగిలాక కుప్పలోంచి ఏరేది కూడా మావాళ్లే. అల్లిన చేతులే ఏరే చేతులయ్యాయి. దీనికి అభివృద్ధి అని పేరు పెట్టారు.

ఇప్పుడు ఇంకో మాట వినబడుతోంది. ప్లాస్టిక్‌ను రసాయనాలతో విడగొట్టి మళ్లీ కొత్తదిగా చేస్తారట, ఇక బెంగ లేదట. ఈ మాటలో నిజమెంతో చూద్దాం.

చిన్న అణువులు గొలుసుకట్టుగా చేరితే పాలిమర్. నీళ్ల సీసా చేసే పెట్ గొలుసును గ్లైకాల్‌తో వేడిచేసి విడదీయవచ్చు, మళ్లీ కట్టవచ్చు. 2019లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వారు పీడీకే అనే ప్లాస్టిక్ చేశారు. రంగులు కలిసినా సరే, గాఢమైన ఆమ్లంలో వేస్తే అది మొదటి అణువులుగా విడిపోతుంది. గొప్ప సంగతే, కాదనం.

కానీ మన వీధిలో ఎగిరే కవరు, మిరప చేలో పరిచే మల్చింగ్ షీటు పాలిథీన్. దాని గొలుసంతా కార్బన్‌కు కార్బన్ పట్టుకున్న గట్టి ముడి. గాలి తగలకుండా బాగా వేడిచేస్తే నూనె, మైనం, గ్యాసు కలగలిసి వస్తాయి. ఆ నూనెను ఇంధనంగా మండిస్తే అది రీసైక్లింగ్ ఎట్లా అవుతుంది? పొయ్యిలో పెట్టడమే. షాంపూ ప్యాకెట్ సంగతి సరేసరి. పొర మీద పొర అంటించి చేసిన దాన్ని విడదీయడమే కష్టం.

ఏ రసాయనమైనా పనిచేయాలంటే ముందు సరుకు వేరుపడి రావాలి. పెట్ కుప్పలో పీవీసీ కలిస్తే కుప్పంతా చెడుతుంది. ఏది ఏదో చేత్తో నలిపి, చప్పుడు విని చెప్పగలిగేది చెత్త ఏరే మనిషి. ఆ నేర్పుకు డిప్లొమా లేదు, జీతం లేదు. తూకంలో మోసం మాత్రం ఉంది.

చట్టం ఏమంటోంది? 2016 ఘనవ్యర్థాల నియమాలు చెత్త ఏరేవారిని గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలన్నాయి. 2022లో ప్లాస్టిక్ అమ్ముకునే కంపెనీలపై బాధ్యత పెట్టి, రీసైకిల్ చేసినందుకు సర్టిఫికెట్లు తెచ్చారు. ఆ సర్టిఫికెట్లు కొనుగోలు, అమ్మకం అవుతాయి. వాటిలో ఏరిన మనిషి వాటా ఎక్కడ?

“అయితే మీ పిల్లల్ని మళ్లీ బుట్టలల్లుకోమంటారా?” అని కొందరు వెటకారం చేస్తారు. అనం. మా పిల్లలు రసాయన శాస్త్రవేత్తలు కావాలి, ఆ గొలుసులు విప్పాలి. అయితే చెత్త ఏరే తల్లిని, అల్లే అమ్మమ్మను లెక్కలోంచి కొట్టేసే శాస్త్రం మాకొద్దు.

తోటి టీచర్లకు ఒక మాట. ప్లాస్టిక్‌ల పాఠం చెప్పే రోజు బడికి ఒక ఈత బుట్ట తీసుకెళ్లండి. ఈ ఈత పుల్లలో, మన పల్నాటి పత్తిలో ఉన్న సెల్యులోజ్ కూడా పాలిమరేనని చెప్పండి. గ్లూకోజ్ అణువుల గొలుసు అది. నేలలో పడితే సూక్ష్మజీవులే విప్పేస్తాయి. మొక్కజొన్న పిండితో చేసే పీఎల్ఏ కప్పు అట్లా కాదు. అది తొందరగా కుళ్లాలంటే అరవై డిగ్రీల వేడి ఉండే కంపోస్టు కేంద్రం కావాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మనం అడగాల్సినవి మూడే. ఏరేవారికి గుర్తింపు కార్డు, సరైన తూకం. సర్టిఫికెట్ సొమ్ములో వాటా. బళ్లకు, పంచాయతీలకు, మార్కెట్ యార్డులకు కొనే బుట్టల్లో మన ఈత, వెదురు బుట్టలకు చోటు.

ఇవి దయతో ఇచ్చేవి కావు. మన పనికి రావాల్సిన బాకీ.