పోలీసు బండికి గుర్తేది?

ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా సాగే కర్నూలు-కడప రహదారిపై రాత్రివేళ సరుకు తోలే డ్రైవరుకు, చేయెత్తి ఆపినవారు పోలీసులా, దొంగలా అన్నది తేల్చుకునేందుకు ముందుగా కనిపించేది బండి రంగే.

రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరెవరి వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 121వ నిబంధన శాసిస్తున్నది. పోలీసు వాహనాల రంగుకు అందులో అటువంటి రక్షణ లేదు. తెల్ల బండి పోలీసులకూ ఉంటుంది, కాంట్రాక్టరుకూ ఉంటుంది. 2017 మే 1 నుంచి మంత్రుల కార్లపై ఎర్రదీపాలు పోయాయి. మెరిసే దీపాలు పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపక వంటి అత్యవసర వాహనాలకే మిగిలాయి. అయినా ‘పోలీస్’ అన్న స్టిక్కరు మాత్రం సొంత మోటారు సైకిళ్లపై, బంధువుల కార్లపై యథేచ్ఛగా తిరుగుతున్నది.

ముఠా కక్షలు చవిచూసిన ఈ సీమలో ఇది చిన్న విషయమనుకోరాదు. ఊళ్లోకి కొత్త బండి వస్తే తలుపులు మూసుకున్న రోజులు పెద్దలు మరచిపోలేదు. సైన్యం రంగును కాపాడిన చట్టం పోలీసు వాహనం రంగునూ, గుర్తునూ కాపాడాలి. అంతవరకు అధికారులు ముందుగా తమ సిబ్బంది సొంత బండ్లపై స్టిక్కర్లు తీయించాలి. రాత్రి తనిఖీలు స్పష్టమైన గుర్తు ఉన్న వాహనాలతోనే జరిపించాలి.