కవరు మీద ఏం రాయాలి?

డిసెంబర్ 24, రాత్రి తొమ్మిదిన్నర. వంటింట్లో బెల్లం పాకం వాసన. బయట చర్చి మైకులో పిల్లల డాన్సు రిహార్సల్. మా అమ్మ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒక తెల్ల కవరు, ఒక బాల్ పెన్ను నా ముందు పెట్టింది.

"రాయవే. పొద్దున హడావుడిలో మర్చిపోతాం" అంది.

ముందు పేరు రాయాలి. ఎప్పుడూ నాన్న పేరు రాసేదాన్ని. ఈసారి అమ్మ పేరు రాశాను. పేరు కింద కారణం రాయాలి. అక్కడ పెన్ను కదల్లేదు.

చర్చికి వెళ్లేవాళ్లకి ఈ కవరు సంగతి చెప్పక్కర్లేదు. వెళ్లనివాళ్ల కోసం రెండు ముక్కలు. మా వైపు పల్లెల్లో క్రిస్మస్‌కీ, కొత్త సంవత్సరానికీ కృతజ్ఞత కానుక ఇస్తారు. కవర్లో డబ్బులు. పైన కుటుంబం పేరు. దాని కింద, ఆ ఏడాది దేవుడు చేసిన మేలు ఏంటో ఒక్క లైను. పాస్టర్ గారు ఒక్కో కవరూ తీసి మైకులో చదువుతారు. కొడుక్కి ఉద్యోగం వచ్చినందుకు, కోడలికి కాన్పు సుఖంగా అయినందుకు, బైకు యాక్సిడెంట్‌లో ప్రాణం దక్కినందుకు... ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగిందో తెలియాలంటే ఆ అరగంట చాలు. వాట్సాప్ రాకముందు మా పల్లె స్టేటస్ అదే.

ఐదో తరగతి నుంచి మా ఇంటి కవరు రాసే డ్యూటీ నాది. నాన్న మూడో తరగతితో ఆపేశాడు, అమ్మది వేలిముద్ర. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నాకు అప్పజెప్పారు. ఇవాళ నేను ఈ పేజీలో రాస్తున్నానంటే, నా మొదటి రాతలు ఆ కవర్లే. నా మొదటి పాఠకుడు మా పాస్టర్ గారు.

నాన్న మంచం మీద కూర్చుని, కాసేపు పైకప్పు వైపు చూసి, కారణం చెప్పేవాడు. "గేదె ఈనినందుకు." "పిల్లోడికి టైఫాయిడ్ తగ్గినందుకు." "బోర్లో నీళ్లు పడినందుకు." ఒక ఏడాది ఎంత ఆలోచించినా ఏమీ తట్టలేదు. చివరికి "ఏం జరగనందుకు" అని రాయమన్నాడు.

"అదేం కారణం నాన్నా? అందరూ నవ్వుతారు."

"ఏం జరక్కుండా ఒక ఏడాది గడవడమంటే మాటలా? రాయి."

రాశాను. పాస్టర్ గారు చదువుతూ చదువుతూ నవ్వాపుకోలేకపోయారు. చాపల మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. నేను మాత్రం తల దించుకుని కూర్చున్నా.

మాది పర్చూరు దగ్గర పల్లె. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక మేం బాపట్ల జిల్లా కిందికి వెళ్లాం. నోరు మాత్రం ఇంకా ప్రకాశం జిల్లా అనే అంటుంది. నల్లరేగడి నేలలు. పత్తి, మిరప, పొగాకు, శనగ. నాన్న కౌలు రైతు. మూడెకరాలు కౌలుకి చేసేవాడు. మా సొంతం అంటే ఇల్లు, రెండు గేదెలు.

సినిమాల్లో క్రిస్మస్ అంటే మంచు, కేకు. మాకు పత్తి తీత. డిసెంబర్ 24 సాయంత్రం దాకా ఆడాళ్లంతా చేలోనే ఉంటారు. ఎండిన పత్తి గుల్లలు గీరుకుని వేళ్ల నిండా సన్నటి గీతలు. తెల్లారి చర్చి దగ్గర హ్యాపీ క్రిస్మస్ అంటూ చెయ్యి ఇస్తే, ఆ గీతలు మీ అరచేతికి తగులుతాయి. పక్కనే మిరప చేలల్లో కాయ అప్పుడప్పుడే ఎర్రబారుతూ ఉంటుంది. దాన్ని చూసుకునే ఊళ్లో సగం మంది కొత్త బట్టలు అప్పు మీద తెస్తారు. కాయ యార్డుకి చేరాక ఇచ్చేద్దాంలే అని.

2021 చివర్లో నల్ల తామర పురుగు వచ్చింది. ఈ పేరు విననివాళ్లు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ మిరప రైతునైనా అడగండి. పూతలో చేరి రసం పీల్చేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. ఎంతోమంది చెట్లు పీకేశారు. నాన్నకి ఆ ఒక్క పంటతో 3 లక్షల 40 వేలు అప్పు మిగిలింది. నూటికి రెండు రూపాయల వడ్డీ.

ఆ క్రిస్మస్‌కి కవరు మీద ఏం రాయించాడో తెలుసా? "పత్తి కొంచెం చేతికొచ్చినందుకు."

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. చేలు చెరువులయ్యాయి. విచ్చిన పత్తి చెట్టు మీదే తడిసి నల్లబడింది. అప్పటికి నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి ఆర్నెల్లు. పండక్కి వెళ్తే నాన్న మామూలుగానే కవరు నా ముందు పెట్టి, "రెండో రోజుకే నీళ్లు దిగినందుకు అని రాయి" అన్నాడు.

నాకు తిక్క రేగింది. "చేను పోతే స్తోత్రం ఏంటి నాన్నా? దేవుడి ముందు కూడా నటించాలా?" అని గట్టిగానే అన్నా.

నాన్న కోప్పడలేదు. "పోయింది అందరికీ కనపడుద్ది అమ్మా. మిగిలింది మనం చెప్తేనే తెలిసిద్ది" అన్నాడు.

మాట బాగుంది కానీ నాకు ఎక్కలేదు. రాసి ఇచ్చేసి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నా.

మొన్న ఆగస్టులో నాన్న పొలం నుంచి వచ్చి, చెంబెడు మంచినీళ్లు తాగి, మంచం మీద వాలాడు. ఇక లేవలేదు.

ఈ క్రిస్మస్‌కి ఊరెళ్లాలంటే భయమేసింది. నైట్ బస్సులో చిలకలూరిపేటలో దిగి, అక్కడ్నుంచి చీరాల బస్సెక్కి ఊరు చేరేసరికి తెల్లారింది. వీధిలో అన్ని ఇళ్ల మీదా స్టార్లు వెలుగుతున్నాయి, మా ఇంటి మీద తప్ప. మా ఇంటి స్టారు కొనేది కాదు. నాన్నే వెదురు బద్దలు చీల్చి, మైదా జిగురుతో రంగు కాగితాలు అంటించి, లోపల బల్బు పెట్టి కట్టేవాడు.

మధ్యాహ్నం పక్కింటి పిల్లలు ముగ్గురు వచ్చారు. "అక్కా, తాత స్టారు ఏది?" అన్నారు. లేదంటే ఊరుకోలేదు. కొట్టం వెనక నాన్న దాచిన వెదురు బద్దలు వాళ్లకి తెలుసట. సాయంత్రానికల్లా స్టారు తయారైంది. ఒక కొమ్ము పొట్టి, ఒక కొమ్ము పొడుగు, జిగురు నా జుట్టు నిండా. తమ్ముడు నిచ్చెనెక్కి కట్టాడు. స్విచ్ వేయగానే పిల్లలు వేసిన కేకకి చెట్టు మీద కొంగలు లేచిపోయాయి. ఆగస్టు తర్వాత మా ఇంట్లో అమ్మ పళ్లు కనపడేలా నవ్వడం అదే మొదటిసారి.

ఆ రాత్రే ఈ కవరు.

"నాకేం తోచట్లేదమ్మా. ఈ సంవత్సరం ఏముందని రాయాలి?" అన్నా.

అమ్మ పాకం గిన్నె దించి వచ్చి నా పక్కన కూర్చుంది. "అప్పు లేకుండా పోయాడు మీ నాన్న. అది రాయి" అంది.

"అప్పు ఎప్పుడో తీరిపోయిందిగా?"

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది.

రెండేళ్లు నా జీతంలోంచి కొంత, నాన్న పత్తి డబ్బులు కొంత కలిపి కడుతూ వచ్చాం. కిందటి జనవరిలో నాకు బోనస్ వచ్చినప్పుడు, మిగతాది కూడా కట్టేద్దామా అని నాన్నని అడిగా. "అయిపోయిందమ్మా, నువ్వు ఏమన్నా కొనుక్కో" అన్నాడు. నేను ఫోన్ కొనుక్కున్నా. 60 వేలు. అన్‌బాక్సింగ్ రీల్ కూడా పెట్టా.

అప్పటికి అయిపోలేదట. ఇంకా 70 వేలు ఉందట. మిరప అమ్మి కడదామనుకున్నాడట. ఫిబ్రవరి వచ్చేసరికి మిర్చి ధర కూలిపోయింది. గుంటూరు యార్డులో రైతులు లబోదిబోమంటే, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని మద్దతు ప్రకటించింది. అంతకుముందు రెండేళ్లు 20 వేలు దాటి చూసిన పంట అది. వచ్చిన డబ్బులు కోత కూలికీ, మందుల కొట్టుకీ సరిపోయాయి. మే నెలలో నాన్న ఒక గేదెని అమ్మేశాడు. ఎండాకాలం నేను ఊరెళ్లినప్పుడు కొట్టంలో ఒక్క గేదే కనపడితే అడిగా కూడా. "పాలు తగ్గాయి, ఇచ్చేశా" అన్నాడు. నేను నమ్మేశా.

"ఆ రోజు నోటు తెచ్చి నా ముందే చించి పొయ్యిలో పడేశాడు. ఆ పూట ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు" అంది అమ్మ.

నాకు ఏడుపు ఆగలేదు. చేతిలో అదే ఫోన్. అమ్మ నా వీపు మీద ఒక్కటేసింది. "ఏడవడానికి చెప్పలా. రాయడానికి చెప్పా. రాయి."

అయినా చెయ్యి రాలేదు. అప్పు అనే మాట మైకులో వినపడాలా? అప్పిచ్చినాయన కూడా అక్కడే కూర్చుంటాడు. ఊరంతా మన గురించి ఏమనుకుంటుంది?

అప్పుడు మా నాయనమ్మ చెప్పే కాలవ కథ గుర్తొచ్చింది. 1876-78 ధాత కరువులో మా వైపు జనం ఆకలితో రాలిపోయారు. అప్పుడు ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలవలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇప్పించాడు. కూలి కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని, ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. కరువు తగ్గాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా నాయనమ్మ వాళ్ల తాత ఆ కాలవ తవ్వినవాళ్లలో ఒకడట. ఆయన ముసలితనంలో కూడా, గంజి పోసినందుకు కాదు, పలుగు చేతికిచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టేవాడట. చేసిన పనికి కూలి తీసుకున్నాం, ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు అని పిల్లలకి చెప్పుకునేవాడట.

మా ఇంట్లో కృతజ్ఞత అంటే అప్పటినుంచీ ఇదే కాబోలు. నాన్న దేవుడి ముందు నటించలేదు. లెక్క చెప్పాడు. పోయినవాటి పక్కన మిగిలినవాటిని కూడా రాయించాడు, అంతే.

కవరు మీద రాశాను. "మా ఇంటాయన్ని అప్పు లేకుండా పంపినందుకు."

క్రిస్మస్ రోజు ఆరాధనలో పాస్టర్ గారు మా కవరు తీశారు. చదివి ఒక్క క్షణం ఆగారు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ గుసగుసలాడలేదు. మగాళ్ల వైపు నుంచి ఒక పెద్దాయన గొంతు, "స్తోత్రం" అంది. చూస్తే, అప్పిచ్చినాయనే. అమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ వేళ్ల మీద పత్తి గీతలు నా అరచేతికి తగిలాయి.

చర్చి అయిపోయాక మా వీధిలో ఒకత్త వచ్చి, "కొత్త సంవత్సరానికి మా కవరు కూడా నువ్వే రాసిపెట్టవే" అంది. ఇంకొకామె, ఇంకొకామె. డిసెంబర్ 31 సాయంత్రానికి పదకొండు కవర్లు రాశా. "మొగుడు నెల రోజుల నుంచి తాగనందుకు." "పిల్ల హాస్టల్లో అన్నం తింటున్నందుకు." ఒక ముసలమ్మ అయితే, "కొడుకు ఫోన్ చేసినందుకు" అని రాయమంది. ఎన్నిసార్లు చేశాడని నేను అడగలేదు.

ఆ రాత్రి వాచ్ నైట్‌లో పాస్టర్ గారు ప్రతి ఏడూ చెప్పే ముచ్చటే చెప్పారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూవెట్ దొర, దొరసాని, కొద్దిమంది తెలుగువాళ్లు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేసిన ముచ్చట. అప్పటికి ఇక్కడ వాళ్లకి చూపించుకోవడానికి ఏమీ లేదు. క్లౌ వచ్చింది 1866లో, పన్నెండేళ్ల తర్వాత. చిన్నప్పటి నుంచి వింటూ నిద్రపోయేదాన్ని. ఈసారి మేలుకుని విన్నా.

పన్నెండో కవరు నాది. నా జీతంతో, నా పేరుతో, మొదటిసారి. కారణం కోసం ఒక పని చేశా. నాన్న అమ్మిన గేదె ఎవరింట్లో ఉందో కనుక్కున్నా. మూడు కిలోమీటర్ల అవతల పక్క ఊళ్లోనే ఉంది. తమ్ముడి బైకు మీద వెళ్లి చూసొచ్చా. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలీదు కానీ, బాగుంది. పక్కన దూడ కూడా ఉంది.

"గేదె ఈనినందుకు" అని రాశా.